సేవ చేస్తానంటున్న అమ్మాయి, 14 లక్షల ఎంబీఏ

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. నా ఎనిమిదో ఏట నాన్న పోతే, అమ్మ అప్పడాలు, ఊరగాయలు అమ్మి నన్ను చదివించింది. ఇప్పుడు మాతోనే ఉంటుంది. మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. వేసవిలో వ్యాసర్‌పాడిలో ఒక క్రైస్తవ సేవాసంస్థలో ఇంటర్న్‌షిప్ చేసింది. వాళ్లు పేద వితంతువులతో చిన్న వ్యాపారాలు పెట్టిస్తారు. ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తాను, తర్వాత ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతాను అంటోంది. మేం మధ్యేమార్గంగా సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్‌లో, అంటే సమాజానికి మేలుచేసే వ్యాపారాలు నడపడంలో, ఎంబీఏ చూశాం. ఫీజు 14 లక్షలు. రెండింటిలో ఏది మంచిది? మాది హిందూ కుటుంబం. పెళ్లి కావలసిన పిల్ల రోజూ అలాంటి వాళ్ల మధ్య తిరగడం మా ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు.

జవాబు: కోర్సుల పోలిక అడిగారు, చెబుతాను. ముందు మీ చివరి వాక్యం సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాల్లో అసలు బాధ ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది.

'అలాంటి వాళ్లు' అన్నారు. అప్పడాలు అమ్మి మిమ్మల్ని చదివించిన అమ్మగారు ఎలాంటి వారండీ? మీరు ఇది రాస్తున్నప్పుడు ఆవిడ పక్క గదిలోనే ఉండి ఉంటారు. కోపం తెచ్చుకోకండి. ఈ మాట నేను అనకపోతే రేపు మీ అమ్మాయే అంటుంది, అది ఇంకా గుచ్చుకుంటుంది. 'ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు' అని ఇంకొకరి మీద పెట్టి రాయడం కూడా నేను చాలాసార్లు చూశాను. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఎక్కడ పనిచేస్తోందని అడుగుతారు, నిజమే. ఈ ఉద్యోగం పేరు విని వెనక్కి తగ్గే సంబంధం తగ్గితేనే మేలు.

మతం గురించి నేరుగా అడగలేదు గానీ, అడిగినట్టే ఉంది. వితంతువులకు ఆసరాగా నిలబడటం క్రైస్తవుల్లో చాలా పాత ఆనవాయితీ. బైబిల్లో ఒక కథ ఉంది. అప్పులవాడు తన ఇద్దరు కొడుకుల్నీ బానిసలుగా పట్టుకుపోతాడని ఒక వితంతువు మొరపెట్టుకుంటే, ఎలీషా ప్రవక్త 'నీ ఇంట్లో ఏముంది?' అని అడుగుతాడు. కాస్త నూనె ఉందంటుంది. ఇరుగుపొరుగుల దగ్గర పాత్రలు తెచ్చుకోమంటాడు. ఆ కాస్త నూనెతోనే అవన్నీ నిండిపోతాయి. ఆ నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో బతకమంటాడు. మన దేశంలో పండిత రమాబాయి 1882లో భర్తను పోగొట్టుకుని, తర్వాత క్రైస్తవం తీసుకుని, 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది. ఆ పైన పుణె దగ్గర కేడ్‌గావ్‌లో నేతపని, ప్రెస్సుపని నేర్పించింది. సదన్‌లో పిల్లల్ని మతం మారుస్తున్నారని 1893లో పెద్ద గొడవై, చాలామంది తమ ఆడపిల్లల్ని తీసుకెళ్లిపోయారు. కాబట్టి మీ అనుమానం ఈనాటిది కాదు, దాన్ని తప్పుపట్టను. వెళ్లి సూటిగా అడగండి: సాయం కావాలంటే ప్రార్థనకు రావాలా? ఉద్యోగం చేయాలంటే మా అమ్మాయీ రావాలా? అవునంటే వద్దని చెప్పేయండి.

ఇక ఎంబీఏ. 'సోషల్', 'ఇంపాక్ట్' అని పేరుకు తగిలించిన ఖరీదైన కోర్సుల మీద నాకు నమ్మకం కుదరలేదు. బ్రోషర్ అట్ట మీద నవ్వుతున్న పల్లెటూరి ఆడవాళ్లు ఉంటారు, లోపల చాలావరకు మామూలు ఎంబీఏ సిలబస్సే ఉంటుంది. 14 లక్షలు అప్పుచేసి చదివిన పిల్ల ఈఎంఐ కట్టాలంటే ఏ బ్యాంకులోనో చేరాలి గానీ సేవాసంస్థ జీతం చాలదు. మీ అసలు ఉద్దేశం అదే అయితే అమ్మాయికి ఆ ముక్క చెప్పి మామూలు ఎంబీఏకే పంపండి. మధ్యేమార్గం అని పేరు పెట్టడం ఎందుకు?

పైగా ఈ పని క్లాసురూములో వచ్చేది కాదు. ఒకామె చేత ఇడ్లీ పిండి వ్యాపారం పెట్టించాలంటే గ్రైండర్ కొనిస్తే సరిపోదు. మినప్పప్పు ధర పెరిగితే ప్యాకెట్ ధర పెంచాలా, పిండి తగ్గించాలా? అమ్మిన డబ్బు తీసి పిల్లాడి స్కూలు ఫీజు కట్టేస్తే రేపు సరుకు దేంతో కొంటుంది? నవంబరు వానల్లో తోపుడుబండి మూలపడితే అప్పు వాయిదా వసూలుకు రోజూ వచ్చే తండల్ వాడికి ఏం చెబుతుంది? నాకు తెలిసిన ఒక సంస్థ, పేరు ఎందుకులెండి, ఒకే వీధిలో ఎనిమిది మందికి కుట్టుమిషన్లు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆరు మిషన్లు బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చాయి. ఆ వీధిలో జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారని ముందుగా ఎవరూ లెక్క వేయలేదు. ఆ లెక్క వేసే మనిషే ఇలాంటి చోట కరువు. బీకాం చదివిన మీ అమ్మాయికి అందులో సగం వచ్చు.

ఇంకొకటి. ఆ సంస్థ పెట్టుబడి ఊరికే ఇస్తుందా, వడ్డీకి ఇస్తుందా? వసూళ్లకు మీ అమ్మాయే తిరగాలా? పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ల ఆగడాలు భరించలేక 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఇది చేరకముందే తేల్చుకోవాలి.

ఎమ్మెస్‌డబ్ల్యూ మంచిదే. ఎగ్మోరులో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1952 నుంచి ఉంది. లయోలా, స్టెల్లా మారిస్ కాలేజీల్లోనూ చదవచ్చు. ఫీల్డ్‌వర్క్ చదువులో భాగమే, ఖర్చు మీ 14 లక్షలతో పోలిస్తే ఏ మూలకూ రాదు. పోలిక ఇంతే.

జీతం విషయంలో మాత్రం మీకు భరోసా ఇవ్వలేను. విదేశీ విరాళాలతో నడిచే సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అది ఆగితే జీతాలూ ఆగుతాయి. 2020 సవరణతో ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అందుకే ఇక్కడి విరాళాలు ఎంత, కంపెనీలు సామాజిక సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు ఎంత అని అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

అమ్మాయిని ఒక ఏడాది అక్కడ పనిచేయనివ్వండి. జీతం, పని, సెలవులు కాగితం మీద రాయించుకోండి. ఏడాది తర్వాతా ఇష్టం ఉంటే ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తుంది. విసుగొస్తే ఎంబీఏ ప్రవేశపరీక్ష క్యాట్ రాస్తుంది, ఇంటర్వ్యూలో ఈ అనుభవం గురించే అడుగుతారు. ఇరవై రెండేళ్లకు ఏ దారీ మూసుకుపోదండీ, టెన్షన్ పడకండి.

పెరంబూరు నుంచి వ్యాసర్‌పాడి రైల్లో ఒక్క స్టేషను. ఈ శనివారం అమ్మాయితో వెళ్లి చూసి రండి. అమ్మగారు రాగలిగితే ఆవిడనూ తీసుకెళ్లండి. వందలో ఎన్ని అప్పడాలు విరిగిపోతాయి, ఆ నష్టం ధరలో ఎలా కలుపుకోవాలి అన్నది అక్కడి ఆడవాళ్లకు ఆవిడే బాగా చెప్పగలరు.