నడుస్తున్న కారులో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. బ్యాటరీకి చార్జింగ్ అందడం లేదని ఆ గుర్తుకు అర్థం. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోతే అంతా సవ్యమే.

నడుస్తుండగా వెలిగితే ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఇంజను బెల్టు తెగితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆగిపోతుంది. చాలా కార్లలో వాటర్ పంపూ ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి ఇంజను కూడా వేడెక్కుతుంది. ముల్లు పైకి పోతుంటే పక్కకు ఆపి ఇంజను కట్టేయాల్సిందే. బెల్టు బాగానే ఉంటే ఏసీ, పాటలు ఆపేసి దగ్గర్లోని మెకానిక్ దాకా వెళ్లొచ్చు. మధ్యలో ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. రాత్రిపూట హెడ్‌లైట్ల వల్ల బ్యాటరీ ఇంకా త్వరగా దిగిపోతుంది.

షాపులో వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టించండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. నడుస్తున్నా 12.5 దాటకపోతే మొదట బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్లు వదులయ్యాయా, తుప్పు పట్టాయా చూడాలి. ఆ తర్వాతే ఆల్టర్నేటర్ విప్పడం. అందులో తరచూ పోయేవి కార్బన్ బ్రష్‌లు, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్. వాటి కోసం మొత్తం ఆల్టర్నేటర్ కొననక్కర్లేదు. నడుస్తున్నప్పుడు 15 వోల్టులు దాటితే రెగ్యులేటర్‌నే అనుమానించాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఒప్పుకోకండి, వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఇంజనును నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోవచ్చు.