అన్నం చల్లారాకే పొట్లం కట్టు

చి. అమ్మడికి, మేనత్త ఆశీస్సులు.

విజయవాడలో మీ పేటలో కుళాయి నీళ్ళు చెడి వాంతులు, విరేచనాలు పాకుతున్నాయనీ, నువ్వు నలుగురిని పోగుచేసి ఇంటింటికీ సరుకులిచ్చే పని మొదలుపెడుతున్నావనీ పొద్దున మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో గర్వమూ ఉంది, బెంగా ఉంది. నాకూ అంతే. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగం వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను, సరుకుల గది గోడకి అంటించుకో.

ముందు కోప్పడాల్సింది ఒకటుంది. ఆదివారం పొద్దున అందర్నీ కళ్యాణమండపానికి రమ్మన్నావట. ఆ మాట ఇవాళే వెనక్కి తీసుకో. మూడొందల ఇళ్ళవాళ్ళు ఒకచోట చేరితే, రాత్రంతా విరేచనాలైన మనిషీ వాళ్ళలో ఉంటాడు. ఎండకి తాళలేక అందరూ ఒకే డ్రమ్ములో ఒకే గ్లాసు ముంచుకుని తాగుతారు. ఆ ఒక్క గ్లాసు చాలు. పైగా మంచాన పడ్డవాళ్ళు అసలు రానేలేరు. వీధికి ఇద్దరు చొప్పున గుమ్మం దాకా వెళ్ళండి. సంచి అరుగు మీద పెట్టి పిలవండి. ఫోటోలు మాత్రం ఎవర్నీ తియ్యనివ్వకు. మొన్నటిదాకా కష్టపడి తిన్న మనిషి, సంచి పట్టుకున్న తన బొమ్మ ఊరంతా తిరుగుతుందంటే పస్తైనా ఉంటుంది గానీ తలుపు తియ్యదు.

జాబితాకి వార్డు సచివాలయంలోనూ, ఆశా కార్యకర్తనూ అడుగు. నోటుబుక్కులో నాలుగు గళ్ళు చాలు: ఇంటి గుర్తు, తినేవాళ్ళు ఎందరు, రేషన్ కార్డు ఉందా, వండే మనిషి లేచి తిరుగుతోందా. నాలుగోది అందరూ మర్చిపోతారు. వండే మనిషే పడకేస్తే నువ్విచ్చిన బియ్యం మూలన కూర్చుంటుంది. ఆ ఇళ్ళకి మాత్రమే వండిన అన్నం పంపాలి, మిగతా అందరికీ పచ్చి సరుకే.

నలుగురున్న ఇంటికి వారానికి లెక్క ఇది. బియ్యం 10 కేజీలు, కందిపప్పు కేజీ, నూనె లీటరు, ఉప్పు కేజీ, పంచదార అర కేజీ, చింతపండు పావు కేజీ, కారం 200 గ్రాములు, పసుపు 100 గ్రాములు, ఉల్లిపాయలు రెండు కేజీలు, బంగాళాదుంపలు రెండు కేజీలు, ఒంటి సబ్బులు రెండు. ఆకుకూరలు, టమాటాలు పెట్టకు. మొదటివి కడగడానికి మంచినీళ్ళు చాలవు, రెండోవి సంచి అడుగున నలిగి పప్పుని తడిపేస్తాయి. కార్డున్న ఇంటికి నెలకి తలకి 5 కేజీల బియ్యం వస్తుంది, వాళ్ళకి కరువు పప్పుకీ నూనెకీ. కాబట్టి రెండు రకాల సంచులు కట్టు. బియ్యం గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో తీసుకుంటే 26 కేజీల బస్తాలొస్తాయి. రెండు బస్తాలకి ఐదు ఇళ్ళు, మిగిలే రెండు కేజీలు తూకంలో తరుగుకి సరిపోతాయి. అంటే వంద ఇళ్ళకి 40 బస్తాలు.

సంచి మొత్తం 18 కేజీల పైనే తూగుతుంది. గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఇళ్ళున్నాయే, ఆ మెట్లు అంత బరువుతో రెండుసార్లు ఎక్కిన కుర్రాడు మూడోసారి రాడు. కొండ ఇళ్ళకి రెండు సంచులుగా విడగొట్టి, బియ్యం ఒక పూట, మిగతావి ఇంకో పూట పంపు.

బస్తాలు నేల మీద దించొద్దు. చెక్క బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా పేర్చు. పురుగు పడుతుందని ఎవరైనా పురుగు మాత్రలు తెస్తే గదిలోకి రానివ్వకు. వాటినుంచి వచ్చే విషవాయువు మూసిన గదిలో మనుషుల్నే చంపుతుంది. బ్లీచింగ్ పౌడర్‌ని వేరే గదిలో, గట్టి మూతున్న డబ్బాలో, పైన పేరు రాసి పెట్టు. దాన్ని సరుకుల సంచిలో అస్సలు వెయ్యకు. గోధుమపిండి కవరూ ఆ కవరూ పక్కపక్కన ఉంటే, దీపం లేని ఇంట్లో చూపు ఆనని ముసలమ్మకి తేడా ఏం తెలుస్తుంది?

ఇక అసలు భయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడూ ఊరు ఊరంతా పొట్లాలు కట్టింది. ఎంత మంచి మనసుతో కట్టారో తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి. కానీ మా తరం వంటశాలల్లో పదే పదే జరిగిన తప్పు ఒకటుంది, అది నీ చేతుల మీదుగా జరక్కూడదు. తెల్లవారుజామున నాలుగింటికి అన్నం గుండిగలు దించుతారు. "వేడివేడిగా అందాలి" అని ఆ సెగ మీదే ప్లాస్టిక్ కవర్లలో పోసి, ముడేసి, గంపల్లో ఒకదానిమీద ఒకటి పేర్చి గోనె కప్పుతారు. ఆటో వచ్చేసరికి తొమ్మిది, సందులు తిరిగేసరికి పన్నెండు, తినేవాళ్ళు తినేసరికి ఒంటిగంట. మధ్య గంపలో ఉన్న కవరు విప్పి చూడు. లోపలివైపంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు, అడుగున మెతుకులు జిగటగా అతుక్కుని, వేలు పెడితే ఇంకా గోరువెచ్చగా. ఆ గోరువెచ్చదనమే ప్రమాదం. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి విత్తులు ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల కిందకి దిగి గంటల తరబడి అలా వెచ్చగా ఉంటే మొలిచి విషం విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అన్నిటికంటే ఘోరం, వాసన రాకపోవచ్చు. "పాచిపోలేదులే" అని పెట్టేస్తారు. నీ పేటలో అసలే విరేచనాలు. ఎవరికి నీళ్ళవల్ల వచ్చిందో, ఎవరికి నీ పొట్లంవల్ల వచ్చిందో డాక్టరుకి కూడా తేలదు.

అందుకని ఒక్కసారే పెద్ద వంట వద్దు. పది కేజీల బియ్యం వండితే సుమారు వంద పొట్లాలొస్తాయి, ఒక విడతకి అంతే. పంచే వేళకి రెండు గంటల ముందు మాత్రమే పొయ్యి వెలిగించు. దించగానే వెడల్పాటి స్టీలు పళ్ళేల్లో రెండంగుళాల మందాన పరిచి, గరిటెతో తిరగేస్తూ ఆవిరి పోనివ్వు. ఫ్యాను వేస్తే పావుగంటలో కట్టడానికి వీలవుతుంది. విస్తరాకులో, పైన కాగితంతో కట్టు, ప్లాస్టిక్ వద్దు. దించిన దగ్గర్నుంచి తినేదాకా రెండు గంటలు దాటకూడదు. పొట్లం మీద వండిన టైము రాసి, దాటినవి నిర్మొహమాటంగా పారబొయ్యి. అన్నం పారబొయ్యాలంటే మనకి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా పారబొయ్యి. సాంబారన్నం, కొబ్బరి పచ్చడి అన్నిటికంటే ముందు చెడతాయి. పులిహోర చింతపండు పులుపు మూలాన కాస్త ఆగుతుంది, కాకపోతే అరచెంచా పులుపుతో నెట్టుకొచ్చే పులిహోర ఆగదు, రసం గట్టిగా తియ్యాలి.

వంటమనిషికి విరేచనాలైతే తగ్గాక కూడా రెండు రోజులు పొయ్యి దగ్గరికి రానివ్వకు. ఆ రెండు రోజుల కూలి నువ్వే ఇవ్వు. ఇవ్వకపోతే దాచిపెట్టి వస్తుంది, ఆవిడ తప్పు కాదు. వేలికి తెగిన గాయం ఉన్నవాళ్ళు సరుకుల సంచులు కడతారు, అన్నం పొట్లాలు కాదు.

ప్రతి సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు వెయ్యి. లీటరు నీళ్ళకి కలిపేవీ, 200 మిల్లీలీటర్లకి కలిపేవీ రెండూ దొరుకుతాయి. ఒకే రకం తెప్పించి, ఎన్ని నీళ్ళో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించు. చిన్న పొట్లం లీటరులో కలిపితే పనిచెయ్యదు, పెద్దది గ్లాసులో కలిపితే పిల్లలకి ప్రమాదం. పొట్లాలు అయిపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచాలంటే టీచెంచాలు, తలగొట్టి కొలవాలి. పసిపిల్లల పాలపొడి ఎవరు ఇచ్చినా పంచొద్దు. ఆ సీసా ఏ నీళ్ళతో కడుగుతారు? తల్లిపాలు ఆపించకుండా ఉంటే అదే పదివేలు.

డబ్బు నీ సొంత ఖాతాలో వేయించుకోకు. ఇద్దరి సంతకాలతో ఖాతా, బిల్లులన్నీ ఏరోజుకారోజు గోడ మీద.

నువ్వు తిని బయల్దేరు. నీళ్ళు ఇంట్లో కాచినవే సీసాలో పోసుకో, పోయిన ఇంట్లో మొహమాటానికి కూడా మంచినీళ్ళు తాగకు, నొచ్చుకుంటే నొచ్చుకోనీ. తిరిగొచ్చాక చెప్పులు గుమ్మం బయటే. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి, స్నానమయ్యాకే బాబుని ఎత్తుకో. వాడు ఏడ్చినా సరే, ఆ పది నిమిషాలు మీ అత్తగారిని ఎత్తుకోమను. రాత్రి ఎంత పొద్దుపోయినా ఒక్క ఫోన్ చెయ్యి తల్లీ, మేలుకునే ఉంటాను.

మీ మేనత్త