గోడలకు చెవులుంటాయి, నోరుండదు

నాయనా,

తిరుపతి గోడల మీది బొమ్మల గురించి నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలు, ముప్ఫై నాలుగు ఫోటోలు. ఫోటోలు చూడలేదు, కావాలనే. పక్కన ఫోటో ఉందని తెలిస్తే వాక్యం ఒళ్ళు వంచదు, ఆ సంగతి నా సొంత రాతల్లోనే చూశాను.

నీ మొదటి వాక్యం దగ్గరే ఒక పూట ఆగిపోయాను. "తిరుపతి గోడలు మాట్లాడతాయి, వినే మనసుండాలి." ఏమబ్బా, మన పెద్దలు గోడలకు చెవులుంటాయన్నారు గానీ నోరుందని ఎవరూ అనలేదు కదా. మాట్లాడేవాళ్ళు గోడ ముందు ఉంటారు. ఇస్త్రీ బండి అతను, పూలు కట్టే ఆమె, ఆటో ఆపుకుని నిద్రపోయే అతను. పదకొండు పేజీల్లో వీళ్ళలో ఒక్కరితోనూ నువ్వు నోరు విప్పలేదు, అందుకే ఆ పని తీసుకెళ్ళి గోడకు అప్పజెప్పావు.

రెండో పేరాలో బ్యాంక్సీ వచ్చాడు, పేరు దాచుకుని గోడలకు బొమ్మలేసే ఇంగ్లండు ఆయన. ఆయన ఊరు బ్రిస్టల్ నుంచి బయలుదేరి, గోడ బొమ్మలకు పేరుపడ్డ ఢిల్లీ లోధీ కాలనీలో దిగి, అట్లాంటిదే హైదరాబాదు మక్తాలో టీ తాగి, మూడో పేజీ చివర తిరుపతి రైల్వే స్టేషన్‌కు చేరావు. మనోళ్ళకు వేరే ఊరి సిఫార్సు లేకుండా సొంత వీధి చూపించడానికి ఎందుకంత మొహమాటమో నాకు అర్థం కాదు. పోనీ స్టేషన్ దిగాక అయినా చూశావా అంటే, ఎదురుగా గోవిందరాజస్వామి గుడి ప్రహరీ, తెల్ల సున్నం పట్టె ఒకటి, ఎర్ర కావి పట్టె ఒకటి, దాని పక్కనే నడిచావు, ఒక్క ముక్క రాయలేదు. వెలిసినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ వేసేది, ఎవరూ కింద సంతకం పెట్టనిది, ఈ ఊళ్ళో అన్నిటికంటే పాత గోడ పని అదే. నీ లెక్కలో అది "బ్యాక్‌గ్రౌండ్".

ఇదంతా చదివి పక్కన పడేసేవాణ్ణే. ఏడో పేజీలో ఒక వాక్యం పట్టుకుంది. అన్నమయ్య బొమ్మ గురించి రాస్తూ, "దురదృష్టవశాత్తూ ఆయన మోకాలి దగ్గర ఎవరో మేకు కొట్టి తువ్వాలు ఆరేశారు" అన్నావు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. మొత్తం వ్యాసంలో నువ్వు నిజంగా కళ్ళు తెరిచి చూసింది అదొక్కటే, దానికీ "దురదృష్టవశాత్తూ" అని క్షమాపణ తగిలించావు. తువ్వాలు ఎవరిది? మేకు ముందా, బొమ్మ ముందా? తెలియదు నీకు. అడగలేదు కాబట్టి.

నేనెందుకింత చిరాకు పడుతున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

1983 జనవరి ఎన్నికలకు నాకు పదిహేడేళ్ళు. ఎన్టీ రామారావు గుడివాడతో పాటు తిరుపతిలో కూడా నిలబడ్డారు, ఊళ్ళో ఖాళీ గోడ దొరకడం గగనమైంది. ఒక బోర్డుల మేస్త్రీ దగ్గర డబ్బాలు మోసే పనికి కుదిరాను, రాత్రికి ఐదు రూపాయలు, రెండు టీలు. సున్నంలో పొడి రంగు, తుమ్మబంక కలపడం నా పని. దారాన్ని రంగులో ముంచి ఇద్దరం చెరో కొస పట్టుకుని టప్పుమని కొడితే గోడ మీద గీత పడేది. చెయ్యి గుర్తుకు అట్టముక్క కోసి పెట్టుకుంటే చాలు, సైకిల్ అట్ల కాదు. అందరూ చక్రాలు కష్టమనుకుంటారు. దారానికి మేకు కట్టి తిప్పితే చక్రం వచ్చేస్తుంది, గొలుసు, పెడల్ కలిసే చోటు దగ్గరే తొక్కలేని సైకిల్ అవుతుంది. మా మేస్త్రీ ప్రతి బొమ్మ అయ్యాక రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి చూసేవాడు. "బస్సులో పోయేవానికి మూడు సెకన్లు రా, ఆ మూడు సెకన్లలో ఇది సైకిల్ కాకపోతే మన కూలి దండగ" అనేవాడు. నాకు రాయడం నేర్పింది ఆయనే, ఆయనకు ఆ సంగతి తెలియదు.

1991లో ఆయన మీద ఒక వ్యాసం రాసి వారపత్రికకు పంపాను. ఐదు నెలల తర్వాత అచ్చయింది. సంపాదకుడు గారు, పెద్దమనిషి, ఇప్పుడు లేరు, పోస్టర్ల జిగురు వండే పేరా మొత్తం కొట్టేశారు. మైదా ఎంత, నీళ్ళెంత, పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత, అయినా తెల్లారేసరికి ఆవులు వచ్చి పోస్టర్లు ఎట్ల పీక్కు తినేవో, అదంతా పోయింది. "వంటల శీర్షిక వేరే ఉంది" అని మార్జిన్‌లో రాసి పంపారు. మేస్త్రీ పేరు తీసేసి "ఓ సామాన్య చిత్రకారుడు" అని వేశారు. పైన శీర్షిక, "రంగుల లోకంలో ఒక రోజు". పత్రిక తీసుకెళ్ళి ఆయనకు చూపించాను. చదవడం బాగా వచ్చు ఆయనకు, అక్షరాలు రాసేవాడు కదా. రెండు పేజీలూ వేలు పెట్టి చదివి, "నేను యాడున్నా దీంట్లో?" అన్నాడు. చెప్పలేకపోయాను. తర్వాత ఆ పేజీ చింపి బ్రష్ తుడుచుకున్నాడు. కోపంతో కాదు, అప్పుడు చేతికందింది అదే.

ఆ రోజు నుంచి నాకు ఇదొక పిచ్చి అనుకో. బొమ్మ గురించి రాసేవాడు ముందు దాని కింద కుడి మూల చదవాలి. ఫలానా ఆర్ట్స్ అని ఉంటుంది, పక్కన సెల్ నంబరు ఉంటుంది. నీ పదకొండు పేజీల్లో "అజ్ఞాత కళాకారుడు" అనే మాట తొమ్మిది సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అజ్ఞాతం కాదు నాయనా, నువ్వు వంగి చూడలేదు.

(ఆ మేస్త్రీ పేరు నేనూ ఇక్కడ రాయడం లేదని నువ్వు పట్టుకుంటావు. నిజమే. ఆయన కొడుక్కి ఇష్టం లేదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ పెట్టుకున్నాడు, నాన్న గోడలు రాసేవాడని చెప్పుకోడు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించి, నవంబరు 1 అని, మళ్ళీ 2023 జనవరి 26 అని జరిపారు చూడు, ఆ మధ్యలో నాకు ఫోన్ చేశాడు, నాన్న బ్రష్‌లు మీ దగ్గరేమైనా ఉన్నాయా అని. తర్వాత మళ్ళీ చేయలేదు.)

కలంకారీ మాట. నల్ల గీత మందంగా కనిపించిన ప్రతి బొమ్మనూ "కలంకారీ శైలి" అన్నావు. నువ్వొక్కడివే కాదు, ఇప్పుడు హోటల్ మెనూ కార్డు కూడా కలంకారీయే. శ్రీకాళహస్తి ఎంత దూరం నీకు, గంట ప్రయాణం. ఒకసారి వెళ్ళి కూర్చో. బట్టను కరక్కాయ, పాలలో నానబెడతారు, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి నలుపు తీస్తారు, వెదురు పుల్లకు నూలు చుట్టి అదే కలం. ఆ నలుపు బట్టలోని కరక్కాయతో కలిసి పడుతుంది, గోడ మీద ఎమల్షన్ అట్ల పట్టదు, పైన పొరలాగా కూర్చుంటుంది. "కలంకారీ చూసి గీసిన బొమ్మ" అని రాయి, ఎవరి మర్యాద వాళ్ళకు దక్కుతుంది.

లేపాక్షితో పోల్చడం అంతకంటే తొందరపాటు. అచ్యుతదేవరాయల కాలం నాటి ఆ బొమ్మలు పైకప్పుకు ఉన్నాయి, నేల చెమ్మ అక్కడికి ఎక్కదు. మన సందుల్లో గోడల సంగతి వేరు. నేలలోంచి తడి పైకి పాకుతుంది, తనతో ఉప్పు మోసుకొస్తుంది, తడి ఆరేకొద్దీ ఆ ఉప్పు రంగు వెనక తెల్లగా పొంగి పెచ్చులు లేపుతుంది. పాత సున్నం గోడ గాలి పీల్చుకునేది, చెమ్మ ఎట్లాగో బయటపడేది, ఇప్పుడు దాని మీద సిమెంటు, పుట్టీ, ప్రైమర్, ఎమల్షన్ వేసి ముక్కు మూసేశాం. అందుకే కింద రెండడుగులు ముందు పోతుంది. ఈ ఊళ్ళో ఏ బొమ్మకైనా ముందు పోయేవి కాళ్ళు. 2021 నవంబరు వరదల తర్వాత తిరిగి చూశాను, దేవుళ్ళూ, స్వాతంత్ర్య సమరయోధులూ, చెత్త బుట్ట పట్టుకున్న పాపాయీ, అందరూ మోకాళ్ళ పైభాగమే మిగిలారు. నువ్వు దాన్ని "కాలం చేసిన గాయం" అన్నావు. కాలానికేం సంబంధం, కాలవ పక్కన గోడ అది.

ఆ చెత్త బుట్ట పాపాయి గురించి ఒక మాట. ఊళ్ళ శుభ్రతకు మార్కులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ 2016లో మొదలయ్యాక ఊళ్ళన్నీ పరీక్ష రాసే పిల్లల్లాగా గోడలకు రంగులు వేయించాయి. అందులో వెటకారం చేయడానికేం లేదు, కొందరికి నాలుగు నెలలు కూలి దొరికింది. కానీ ఆ గోడ మీద "నీటిని వృధా చేయకండి" అని ఉంటుంది, నేనూ చూశాను ఆ గోడ, నువ్వు "వృథా" అని దిద్ది రాశావు. ఎందుకు దిద్దావు? నువ్వు రాసేది వ్యాసం, ప్రూఫు కాదు. ఆ తప్పు ఎవరో ఒకరు ఎండలో నిచ్చెన మీద నిలబడి చేసిన తప్పు, బహుశా కాగితం మీద రాసిచ్చిన ఆఫీసు తప్పు, దాన్ని ఉన్నదున్నట్టు దించు. నీ వ్యాసంలో అక్షర దోషాలు వేరే ఉన్నాయి, ముందు అవి దిద్దుకో.

ఇంకో సంగతి నువ్వు వదిలేశావు, దానికి నేను నిన్ను అంత తేలిగ్గా వదలను. నువ్వు తిరిగింది మే నెలలో అని రాశావు. తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేదీ అప్పుడే. వారం పాటు రోజుకో వేషం, బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్ల నాముకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. నడిచే గోడలు కదా అవి! చిన్న పిల్లాడి నుంచి ముసలాయన వరకు రంగు పూసుకుని బూతులు తిట్టుకుంటూ నీ పక్కనుంచే పోయుంటారు. చివర గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు, తెల్లారుజామున ఆ మట్టి బొమ్మ చెంప నరుకుతారు, ఆ మట్టి కోసం జనం తోసుకుంటారు. ఆరు నెలలకు రంగు వెలిసిందని నువ్వు కన్నీళ్ళు పెట్టుకున్నావే, ఇక్కడ ఒక్క రాత్రి కోసం చేసి పగలగొట్టుకుంటారు, ఎవరూ ఏడవరు. ట్రాఫిక్ మళ్ళించడం వల్ల రెండు వీధులు చూడలేకపోయానని మాత్రం ఫిర్యాదు చేశావు. ఆ ట్రాఫిక్ మళ్ళించింది ఎందుకనుకున్నావు?

ఎప్పుడు నడవాలని అడిగావు. షట్టర్లు తీయకముందు ఒకసారి వెళ్ళు, చిన్నబజారు వైపు కొన్ని షట్టర్ల మీద బొమ్మలు కొట్టు మూసి ఉన్నప్పుడే కనిపిస్తాయి, ముగ్గులు కూడా అప్పుడే తడిగా ఉంటాయి. వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్ళు, పాత రాతలు కొత్త రంగు కిందనుంచి పైకి తేలతాయి. ఒక గోడ మీద సరస్వతి వీణ వెనక నుంచి రైలింజన్ రావడం చూశాను, 2009లో చిరంజీవి ఇక్కడ నిలబడినప్పటి ఎన్నికల గుర్తు. రాత్రి ఒకసారి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళు.

ఏ పత్రికకు పంపాలి, మాండలికంలో రాయవచ్చా, ఇంగ్లీషులో కూడా రాస్తే మంచిదా అని అడిగావు. మాండలికం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. పత్రికల సంగతి నన్నడిగితే నాకు బీపీ పెరుగుతుంది. ఇంతకుముందు ప్రతి వ్యాసానికి సందేశం అడిగేవాళ్ళు, ఇప్పుడు ఫోటోలు హై రిజల్యూషన్‌లో ఉన్నాయా అంటారు.

సరే, తువ్వాలు దగ్గరకు వస్తాను. ఆదివారం పొద్దున వెళ్ళాను. "గుడి వెనక సందులో" అని రాశావు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఎన్ని సందులున్నాయో నీకు తెలుసా, నాలుగో సందులో దొరికింది, నా మోకాళ్ళు అప్పటికే అన్నమయ్య మోకాళ్ళలాగా అయ్యాయి. తువ్వాలు లేదు ఆ రోజు, ఒక లంగా, రెండు పిల్లోళ్ళ బనీన్లు ఉన్నాయి. ఎదురింటి ఆమెవి. ఆ మేకు ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉందట. బొమ్మ వేయడానికి వచ్చిన ఇద్దరు పిల్లలు మేకు పీకుతామంటే ఆమె ఒప్పుకోలేదు, కావాలంటే దేవుణ్ణి కొంచెం జరుపుకోండి అందట. వాళ్ళు జరిపారు. దగ్గరకెళ్ళి చూడు, మేకు సరిగ్గా పంచె మడత మీద ఉంటుంది, మడత నీడ మేకు నీడలో కలిసిపోతుంది, దూరం నుంచి పోల్చుకోలేవు. మా మేస్త్రీ చూసుంటే రోడ్డు దాటి రెండుసార్లు చూసేవాడు.

కుడి మూల సంతకం ఉప్పుకు ఊడిపోయింది, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలే మిగిలాయి. పూర్తి నంబరు ఆమె దగ్గర ఉంది, పనైన రోజు క్యాలెండర్ వెనక రాయించుకుందట, కాళ్ళు పోతే మళ్ళీ వచ్చి వేస్తామన్నారట. నేను తీసుకోలేదు. వాళ్ళ పేర్లూ అడగలేదు.

నువ్వు వెళ్ళి అడుగు. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం తలుపు కొట్టకు, పడుకుంటుంది.