చెన్నైలో పాత వాల్వ్ గిటార్ యాంప్ కావాలంటే ముందు రేడియో మెకానిక్‌ని పట్టుకోండి

అడిగిన ప్రశ్న ఇది: చెన్నైలో 1960ల నాటి వాక్స్, మార్షల్, ఫెండర్ లాంటి వాల్వ్ గిటార్ యాంప్‌లు, అంటే ట్రాన్సిస్టర్ల బదులు పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్లు, ఇంకా దొరుకుతాయా? దొరికితే ఎక్కడ వెతకాలి? లేక బయటి దేశం నుంచి తెప్పించుకోవడమే మేలా?

దొరుకుతాయి. కాకపోతే ఫోన్‌లో యాడ్స్ చూస్తూ కూర్చుంటే మాత్రం ఈ జన్మకి దొరకవు. పాత యాంప్ ఇంట్లో ఉన్నవాళ్లలో సగం మందికి అదేమిటో తెలీదు. తెలిసినవాళ్లు అమ్మరు. ఇక యాడ్ పెట్టేవాళ్ల దగ్గర ఉన్నది అసలు పాతదే కాదు.

ఈ మూడో రకం మీద నాకు చాలా కోపం. ‘వింటేజ్ మార్షల్, రేర్ పీస్’ అని పెడతారు. అన్నానగర్ నుంచి తాంబరం దాకా ఎండలో పడి వెళ్తే అక్కడ ఉండేది మార్షల్ వాళ్ల వాల్వ్‌స్టేట్ అనే మోడల్. అది 1990లలో వచ్చిన సరుకు. పేరులో వాల్వ్ ఉంది కదా అని వాల్వ్ యాంప్ అయిపోదు. ముందు భాగంలో చిన్న వాల్వ్ ఒకటి పెట్టి, స్పీకర్‌ని మోగించే పనంతా ట్రాన్సిస్టర్లకి అప్పజెప్పారు. చెడ్డ యాంప్ అనడం లేదు, కుర్రాళ్లు వాయించుకోడానికి భేషుగ్గా ఉంటుంది. దానికి వింటేజ్ అని పేరు పెట్టి మూడింతలు అడగడమే నాకు నచ్చదు. వాక్స్ పేరుతోనూ ఇదే గొడవ. ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ కంపెనీ చేసిన వాక్స్ వేరు, 1960ల రెండో సగంలో అమెరికాలో థామస్ ఆర్గన్ కంపెనీ అదే పేరుతో అమ్మిన ట్రాన్సిస్టర్ యాంప్‌లు వేరు. అవీ పాతవే, కానీ మీరు అడుగుతున్నవి అవి కావు.

నా లెక్క ఒకటుంది. మద్రాసులో మిగిలిన వాల్వ్ యాంప్ ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ చుట్టుపక్కల ఎవరో రేడియో మెకానిక్ బల్ల మీదకి వచ్చే ఉంటుంది. రుజువు చూపించమంటే చూపించలేను గానీ ఇందులో నాకు అనుమానం లేదు. వాల్వ్ యాంప్ రిపేరు లేకుండా అన్నేళ్లు బతకదు. కండెన్సర్లు ఎండిపోతాయి. ఇక్కడి ఉప్పు గాలికి వాల్వ్ సాకెట్లు తుప్పు పడతాయి. గిటార్లు అమ్మే షాపులో దాని లోపల చెయ్యి పెట్టగలిగేవాడు ఉండేవాడు కాదు, ఆ విద్య వచ్చింది రేడియో వాళ్లకే. వాక్స్ వాళ్ల ముప్ఫై వాట్ల యాంప్ ఏసీ30నే తీసుకోండి. అందులో స్పీకర్లని మోగించేవి నాలుగు ఈఎల్84 వాల్వులు. అప్పటి పెద్ద వాల్వ్ రేడియోల్లోనూ అదే ఈఎల్84 ఉండేది. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు ఇక్కడే తయారు చేసేవాళ్లు కాబట్టి దిగుమతి లైసెన్సుల కాలంలో కూడా దానికి కరువు లేదు. అంచేత ఆ పెట్టె ఏ ఓడలో వచ్చినా, ఎవరి సామాన్లలో వచ్చినా, రేడియో బాగుచేసే మనిషికి అందులో అర్థం కానిదేమీ లేదు.

కాబట్టి యాంప్‌ని వెతక్కండి. దాన్ని రిపేరు చేసినవాణ్ణి వెతకండి. ఊళ్లో ఏ పెట్టె ఎవరింట్లో ఉందో ఆయనకి తెలుస్తుంది.

నాకు దొరికిన పెద్దాయన మౌంట్ రోడ్డు వెనకాల ఒక మేడ మెట్ల కింద కూర్చునేవారు. వాళ్లది గూడూరు వైపు. రోజంతా తమిళంలోనే మాట్లాడినా డబ్బులు లెక్కపెట్టడం మాత్రం తెలుగులో. మొదటిసారి వెళ్లి ‘బాబాయ్, గిటార్ యాంప్‌లు ఏమైనా తెలుసా’ అని అడిగితే తల కూడా ఎత్తలేదు. అలా అడిగేవాళ్లు పని ఇవ్వరని ఆయనకి తెలుసు. మా తాతగారి మర్ఫీ రేడియో పట్టుకెళ్లి బాగుచేయమని ఇచ్చాక మనిషి మెత్తబడ్డారు. ‘గిటార్ పెట్టెలా అబ్బయ్యా, చానా చూశాను. రేడియో తెచ్చినోళ్లు డబ్బులిచ్చి పోతారు. గిటార్ వాళ్లు రేపు రికార్డింగ్ ఉందని తీసకపోయి మళ్లీ కనపడరు’ అన్నారు.

ఆయన దగ్గర రిపేర్ల చిట్టా పుస్తకాలు ఉన్నాయి. పేరు, పేట, సెట్టు, కంప్లెయింటు, మార్చిన సామాను, రావలసిన బాకీ. ఆ బాకీ గడి ఉండబట్టే ఆ పుస్తకాలు ఇన్నేళ్లు భద్రంగా ఉన్నాయని నా అనుమానం. అందులో ఒక వరస: సాలిగ్రామం, వాక్స్ పెద్ద పెట్టె, హమ్, మెయిన్ కండెన్సర్, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించినది. బాకీ ఉంది.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లూ కోడంబాకం, వడపళని, సాలిగ్రామం నిండా మన వాద్యగాళ్లే కదా. ఆ ఇల్లూ అలాంటిదే. సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించిన ఆయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో వాళ్ల ఆవిడా, ట్యూషన్లు చెప్పే కూతురూ ఉంటారు. ఆవిడది తణుకు దగ్గర. బాకీ మాట ఎత్తనని ఒట్టు వేయించుకుని మెకానిక్ బాబాయ్‌ని కూడా వెంట తీసుకెళ్లాను.

‘యాంప్లిఫయరా? అలాంటిదేం లేదు బాబూ. ఆయన గిటార్లు రెండూ మా మేనల్లుడు పట్టుకెళ్లాడు’ అన్నారావిడ.

బాబాయ్ హాల్లో మూలకి చూస్తూ, ‘అదేందమ్మా, బ్యాటరీ కింద?’ అన్నారు.

‘అదా? అది బ్యాటరీ స్టాండు.’

ఇన్వర్టర్ బ్యాటరీ, దాని కింద ప్లాస్టిక్ పట్టా, ఆ పట్టా కింద వాక్స్ ఏసీ30. ఏసీ30కి పైన మూడు తోలు పిడులు ఉంటాయి. అందులో ఒకటి పట్టా అంచున బయటికి వేలాడుతోంది. గోధుమ రంగు డైమండ్ గళ్ల గుడ్డ మీద దుమ్ము అట్ట కట్టింది. బ్యాటరీ యాసిడ్ కారి పైన రెగ్జిన్ ఒక పక్క తెల్లబారి ముడతలు పడింది. వంగి పట్టా ఎత్తి చూస్తే రాగి రంగు ప్యానెల్ కనబడింది. రాగి ప్యానెల్ అంటే 1960ల మొదట్లోది. తర్వాత అది ఎరుపు అయింది, ఆ తర్వాత బూడిద రంగు. నాకు గుండె ఆగినంత పనైంది గానీ ముఖంలో కనబడనివ్వలేదు. కనబడితే బేరం చెడుతుంది.

‘తీసుకెళ్లండి బాబూ, నాకెందుకు. కానీ బ్యాటరీ కింద పెట్టకూడదంటారు, దానికి స్టాండు తెచ్చారా?’

తేలేదు. పైగా కూతురు లోపల ఆన్‌లైన్ క్లాసులో ఉంది, క్లాసు అయ్యేదాకా ఇన్వర్టర్ ముట్టుకోడానికి వీల్లేదు. ఆ రోజు ఆ వీధిలో కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను ఆర్కాట్ రోడ్డు మీదకి పోయి చక్రాల బ్యాటరీ ట్రాలీ ఒకటి కొనుక్కొచ్చాను. వచ్చేసరికి బాబాయ్ కాఫీ తాగి, జంతికలు తిని, పాత బాకీ సంగతి ఆవిడకి చెప్పేశారు కూడా. ఒట్టు గట్టు మీద పెట్టారన్నమాట. ఆవిడ నవ్వి, ‘ఆ పెట్టె డబ్బులోంచి ఆయనకి ఇచ్చేయండి’ అన్నారు. బేరం ఇద్దరితో చేయాల్సి వచ్చింది.

క్లాసు అయ్యాక బ్యాటరీ దించి, వెనక పలక విప్పాం. బల్లి గుడ్లు, బొద్దింక రెక్కలు, ఎప్పటిదో ఒక కిళ్లీ కాగితం. రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లలో ఒకటే అసలుది, సెలెస్టియన్ కంపెనీ నీలం రంగు స్పీకరు, టీ530 అని రాసి ఉంది. రెండోది ఇక్కడి లోకల్ స్పీకరు. వెనక ప్యానెల్ మీద ట్రెబుల్, బాస్ నాబ్‌లు విడిగా ఉన్నాయి. టాప్ బూస్ట్ అనే ఈ అదనపు టోన్ సర్క్యూట్‌ని మొదట్లో వెనక అలా అదనంగా బిగించేవారు, తర్వాతే పై ప్యానెల్‌లోకి వచ్చింది. నేను ఇవన్నీ ఫోటోలు తీసుకుంటుంటే బాబాయ్ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌నే చూస్తూ కూర్చున్నారు. ‘చూడు, నేను చుట్టించిందే. టేపు కూడా ఊడలా’ అన్నారు.

‘ఒకసారి ఆన్ చేసి చూసుకోండి బాబూ’ అన్నారావిడ. నా చెయ్యి ప్లగ్గు దాకా పోయింది కూడా. బాబాయ్ అరిచిన అరుపుకి లోపల్నుంచి కూతురు పరిగెత్తుకొచ్చింది. మీకు కూడా ఇది చెప్పాలి: ఏళ్ల తరబడి ఆపేసి ఉన్న వాల్వ్ యాంప్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ఎండిన కండెన్సర్ షార్ట్ అయితే దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడుతుంది. షాపుకి తెచ్చాక వాల్వులన్నీ పీకేసి, సిరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా చేసి, కరెంటు ఇచ్చారు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు, అలాగే ఫుల్లుగా వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. దానికి పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఇప్పుడు వంద వాట్ల ఫిలమెంట్ బల్బు కోసం తిరగడం యాంప్ కోసం తిరగడం కన్నా కష్టంగా ఉంది, అది వేరే ఏడుపు. ఇంకో మాట, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో 300 వోల్టులకు పైనే నిలవ ఉండొచ్చు. యూట్యూబ్ చూసి మీరే విప్పకండి.

బల్బు మసకబారింది. పాత కండెన్సర్లు తీసి కొత్తవి వేసి, మూడు పిన్నుల వైరు బిగించి ఎర్త్ కలిపి, డబ్బాలో దాచిన బీఈఎల్ ఈఎల్84లు పెట్టారు. నేను గిటార్ తగిలించి ఒక్క కార్డ్ వాయిస్తే పై అంతస్తు ట్రావెల్ ఏజెంటు కిందికొచ్చి తిట్టిపోయాడు. ముప్ఫై వాట్లే కదా అనుకుంటారు జనం. ఈ యాంప్ పుట్టిందే అభిమానుల అరుపుల్లో ఇంగ్లండ్‌లోని షాడోస్ బ్యాండుకి పదిహేను వాట్ల ఏసీ15 చాలక. అపార్ట్‌మెంట్లో దాన్ని సగం వాల్యూమ్‌లో కూడా పెట్టలేరు, అది ముందే తెలుసుకుని కొనండి.

ఫోటోలు ఒక గ్రూపులో పెడితే వచ్చిన మొదటి మాట: ‘ట్రాన్స్‌ఫార్మర్ ఒరిజినల్ కాదు, స్పీకర్ ఒరిజినల్ కాదు, సగం విలువ పోయింది.’ ఈ ఒరిజినల్ పిచ్చి చల్లటి దేశాల్లో చెల్లుతుంది. మద్రాసు లాంటి ఊళ్లో అన్ని పార్టులూ ఒరిజినల్‌గా ఉన్నాయంటే ఆ యాంప్ చాలాకాలంగా పని చేయడం లేదని అర్థం. పని చేసి ఉంటే ఏదో ఒకటి కాలేది, ఎవరో ఒకరు మార్చేవాళ్లు. ఇక్కడ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్‌నే నేను నమ్ముతాను. తీసిన పాత పార్టులు మాత్రం పారేయకుండా ఒక కవర్లో వేసి పెట్టుకోండి.

ఫెండర్ సంగతి. అమెరికాలో అమ్మడానికి చేసినవి 117 వోల్టులవి. మన 230లో పెడితే క్షణంలో బూడిద. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వాళ్ల కరెంటు సెకనుకి 60 సైకిల్స్, మనది 50, అందుకే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది. ఇంగ్లండ్‌వి 240 వోల్టులు, 50 సైకిల్స్, మనకి సరిగ్గా కలుస్తాయి. ఈ ఊళ్లో బ్రిటిష్ యాంప్‌లే ఎక్కువ మిగలడానికి అదే కారణమని నేననుకుంటాను. వాక్స్ దొరక్కపోతే సెల్మర్, వాట్కిన్స్ పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి. మెకానిక్ దగ్గర బ్రాండ్ పేరు కాకుండా ‘గిటార్ పెట్టె’ అని అడగండి. పెరంబూరు, సెయింట్ థామస్ మౌంట్ వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, పాత చర్చిలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లలో వాయించినవాళ్లు, వీళ్లందరి సెట్లూ ఆ మెకానిక్‌ల పుస్తకాల్లోనే ఉంటాయి. బెంగళూరు మిత్రులు ఎస్పీ రోడ్డు గొప్ప, చిక్కపేట ఆదివారం సంత గొప్ప అంటారు. వాల్వులకి గొప్పే, ఒప్పుకుంటాను. యాంప్ దొరికిందని చెప్పినవాడు మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు.

బయటి నుంచి తెప్పించుకోవద్దు. ఏసీ30 ముప్ఫై కిలోల పైన ఉంటుంది. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి తడిసి మోపెడవుతుంది. నా స్నేహితుడొకడు ఇంగ్లండ్ నుంచి ఒకటి తెప్పించాడు. వాల్వులు తీయకుండా ప్యాక్ చేశారు. పెట్టె తెరిస్తే గాజు పెంకులు, చీలిన ప్లైవుడ్. కొరియర్ వాళ్లు ప్యాకింగ్ సరిగా లేదన్నారు, అమ్మినవాడు కొరియర్‌దే తప్పన్నాడు. ఇద్దరూ ఇంకా అదే మాట మీద ఉన్నారు.

నేనెంత ఇచ్చానో చెప్పను. చెబితే రేపు అదే రేటు యాడ్స్‌లోకి ఎక్కుతుంది. బాబాయ్ అడ్రసు కూడా అడగొద్దు. ఆయనిప్పుడు కొడుకు సెల్‌ఫోన్ షాపులో కూర్చుంటున్నారు, కొత్త పని తీసుకోవడం లేదు. పాత బాకీలు తెచ్చిచ్చే వాళ్లయితే మాత్రం రానిస్తారు.