అమెరికా గ్యాస్ పైపులైన్ షేర్లు కొనొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. వయసు 56. ఉక్కు కర్మాగారం నుంచి వీఆర్‌ఎస్ తీసుకున్నాను. గత నెలలో 40 లక్షలు చేతికొచ్చాయి. అమెరికా గ్యాస్ ఎగుమతులు పెరుగుతున్నాయి కాబట్టి అక్కడి పైపులైన్ కంపెనీల్లో 15 లక్షలు పెడితే డివిడెండ్లతో ఇల్లు గడుస్తుందని మిత్రులు అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: 15 లక్షలు వద్దండి. ఎగుమతుల గురించి మీ మిత్రులు చెప్పింది నిజమే. 2016లో అక్కడి సబీన్ పాస్ రేవు నుంచి మొదటి ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) ఓడ బయల్దేరింది, 2023కల్లా అమెరికా ప్రపంచంలోనే అతిపెద్ద ఎల్‌ఎన్‌జీ ఎగుమతిదారు అయింది. మన ప్రభుత్వరంగ గ్యాస్ సంస్థ గెయిల్ కూడా 2018 నుంచి అక్కడి గ్యాస్ తెచ్చుకుంటోంది. అయితే పైపులైన్ కంపెనీ గ్యాస్ అమ్ముకునేది కాదు. నాతవలస టోల్‌గేట్ లాంటిది, దారి ఇచ్చినందుకు రుసుము తీసుకుంటుంది. గ్యాస్ ధర రెట్టింపైనా ఆ రుసుము రెట్టింపు కాదు.

కాబట్టి చూడాల్సింది ఒప్పందం. గ్యాస్ పారినా పారకపోయినా బుక్ చేసుకున్న సామర్థ్యానికి డబ్బు కట్టాల్సిందేనా? ఎన్నేళ్లకు? కట్టేవాడి స్థోమత ఎంత? ఇది మన జిల్లాల పక్కనే జరిగిన కథ. కృష్ణా-గోదావరి తీరం దగ్గర సముద్రంలో ఉన్న కేజీ-డీ6 బావుల గ్యాస్ కోసం గాడిమొగ దగ్గర్నుంచి గుజరాత్ దాకా వేసిన పైపులైన్ 2009లో మొదలైంది. కొన్నేళ్లకే బావుల్లో ఉత్పత్తి పడిపోయి, గొట్టంలో చాలా భాగం ఖాళీగా మిగిలింది. భూమిలో పాతిన గొట్టాన్ని పీకి మరోచోట వేసుకోలేం.

అప్పు రెండో ప్రమాదం. అమెరికా పైపులైన్ కంపెనీ కిండర్ మోర్గాన్ 2015 డిసెంబరులో మూడు నెలల డివిడెండును 51 సెంట్ల నుంచి 12.5 సెంట్లకు తగ్గించింది. గొట్టాల్లో గ్యాస్ ఆగలేదు, అప్పు మోయలేకపోయింది. నిర్మాణ ఖర్చు సంగతి మరొకటి. అక్కడి మౌంటెన్ వ్యాలీ పైపులైన్ సుమారు 350 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై, కోర్టు కేసుల మధ్య 2024లో పూర్తయ్యేసరికి ఖర్చు రెట్టింపు దాటింది.

ఇక మీ విషయంలో అన్నిటికన్నా గట్టి దెబ్బ పన్నుది. ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, ఎంటర్‌ప్రైజ్ ప్రొడక్ట్స్ లాంటి పైపులైన్ సంస్థలు మామూలు కంపెనీలు కావు, భాగస్వామ్య సంస్థలు. వీటి చెల్లింపుల్లో విదేశీయులకు సాధారణంగా 37 శాతం కోస్తారు, అమ్మితే వచ్చిన మొత్తం మీద మరో 10 శాతం పట్టుకుంటారు. రాబడి శాతం పెద్దగా కనిపిస్తుంది కాబట్టి జనం సరిగ్గా వీటినే కొంటారు. మీరు వాటి జోలికి పోకండి. విలియమ్స్, కిండర్ మోర్గాన్ లాంటి మామూలు కంపెనీలైతే, మీరు అమెరికా వాసి కాదని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇచ్చాక డివిడెండుపై కోత 25 శాతం.

ఆ 25 శాతాన్ని ఇక్కడి పన్నులో సర్దుకోవచ్చు, అదీ ఇక్కడ పన్ను పడితేనే. కొత్త పన్ను విధానంలో మీ ఆదాయం 12 లక్షల లోపే ఉండి రిబేటుతో పన్ను సున్నా అయితే, అమెరికాలో కోసింది వెనక్కి రాదు. 15 లక్షల మీద 5 శాతం డివిడెండు అనుకుందాం: 75,000లో 18,750 పోయి చేతికొచ్చేది 56,250. అదే 15 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 8.2 శాతానికి వేస్తే, మూడు నెలలకోసారి 30,750 చొప్పున ఏడాదికి 1,23,000. షేరు ధర పెరగొచ్చు, నిజమే. కానీ మీరు అడిగింది ఇల్లు గడవడం గురించి.

అరవై నిండలేదు కదా అనుకోకండి. 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవారు, డబ్బు అందిన మూడు నెలల్లోపు ఈ ఖాతా తెరవొచ్చు. పరిమితి 30 లక్షలు. మీరు 25 లక్షలు ఇందులో వేసి, ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా బ్యాంకులో ఉంచండి.

పైపులైన్ల మీద మోజు తీరకపోతే రెండు లక్షలు పెట్టండి, అంతే. గెయిల్ కొంటే ఈ విదేశీ తంటాలు లేవు. కాకపోతే దాని లాభంలో గ్యాస్ అమ్మకాలు, పెట్రోకెమికల్స్ కూడా కలిసి ఉంటాయి, రవాణా రుసుమును నియంత్రణ సంస్థ పీఎన్‌జీఆర్‌బీ నిర్ణయిస్తుంది. అమెరికాదే కావాలంటే రిటర్ను ఐటీఆర్-1లో వేయకూడదు. ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబరుకు, మన ఆర్థిక సంవత్సరానికి కాదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంకోటి: ఏడాదిలో 10 లక్షలు దాటి బయటికి పంపితే, దాటిన సొమ్ముపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. మీరనుకున్న 15 లక్షలకు ఖాతాలో 16 లక్షలు ఉండాల్సి వచ్చేది. ఆ లక్ష రిటర్ను వేశాకే తిరిగొస్తుంది.

మూడు నెలల గడువులో ఒక నెల అయిపోవచ్చింది. డబ్బు ఏ తేదీన, దేని కింద ఇచ్చారో తెలిపే ధ్రువపత్రం సంస్థ నుంచి తీసుకుని, ఈ వారమే పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లండి. అమెరికా షేర్ల సంగతి ఆ తర్వాత చూడొచ్చు.