టాబ్లెట్ ఆపాలా? అరటిపండు చాలా?

పాఠకుల ప్రశ్నలు – నల్లగొండ పిల్లల డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మా, మా కూతురు మళ్లీ కడుపుతో ఉంది, ఇప్పుడు ఐదో నెల. మొదటి కాన్పు అయ్యాక నిద్ర పట్టేది కాదు. పసిగుడ్డును ఎత్తుకోబుద్ధి కావట్లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని ఏడ్చేది. మానసిక వైద్యుడు దిగులు జబ్బుకు ఇచ్చే సెర్‌ట్రలిన్ రాశాకే మళ్లీ మనిషయింది. ఆ మందు కడుపులో బిడ్డ మెదడులో ఉండే రసాయనం సెరొటోనిన్‌ను తారుమారు చేస్తుందని ఆమె ఆడబిడ్డ ఫోన్లో వీడియో చూపించింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మందు మాన్పించి అరటిపండ్లు పెట్టాలా? ఆన్‌లైన్‌లో దొరికే సెరొటోనిన్ పెంచే గోలీలు తెప్పించాలా?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: అమ్మా, మీ అంతట మీరు ఆ టాబ్లెట్ ఆపకండి. ఆ గోలీలైతే అసలే వద్దు. వాటిలో చాలావరకు ఉండేది 5-హైడ్రాక్సీ ట్రిప్టోఫాన్, అంటే ఒంట్లో సెరొటోనిన్‌గా మారే పదార్థం. అది సెర్‌ట్రలిన్‌తో కలిస్తే ఒంట్లో సెరొటోనిన్ మితిమీరుతుంది. జ్వరం, వణుకు, గుండెదడ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక వీడియో సంగతి. భయానికి మూలం ఉంది, అది మీకు తెలియాలి. పెద్దవాళ్లలో సెరొటోనిన్ నరకణాల మధ్య కబురు మోస్తుంది. పిండంలో దానిది మేస్త్రీ పని. ఏ నరం ఎటు సాగాలో, ఎక్కడ అతుక్కోవాలో చూస్తుంది. మనిషి పిండంలో ఐదు వారాలకే మెదడు కాండంలో సెరొటోనిన్ చేసే కణాలు కనిపిస్తాయి. ఎలుకల్లోనైతే అంతకుముందు మాయ కూడా తల్లి రక్తంలోని ట్రిప్టోఫాన్ (తిండిలోని ప్రొటీన్ నుంచి వచ్చే ముడిసరుకు) తీసుకుని సెరొటోనిన్ చేసి పిండానికి అందిస్తుందని 2011లో తేలింది.

సెరొటోనిన్ ఎక్కువైతే ఏమవుతుందో ఎలుకల్లో చూశారు. ఎలుకకు మీసమే కన్నూ చేయీ. ఒక్కో మీసం వెంట్రుకకు మెదడులో ఒక్కో గది ఉంటుంది. సెరొటోనిన్‌ను విరిచేసే ఎంజైము లేని ఎలుకల్లో అది పేరుకుపోయి ఆ గదులే కట్టుకోలేదు. పుట్టిన తొలి రోజుల్లోనే సెరొటోనిన్‌ను తగ్గిస్తే గదులు మళ్లీ ఏర్పడ్డాయి. 1990ల్లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించిన సంగతి ఇది. అంటే ఎక్కువైనా తంటానే, అదీ ఆ కొద్ది రోజుల్లోనే. 2004లో ఎలుక పిల్లలకు పుట్టిన నాలుగో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా సెర్‌ట్రలిన్ లాంటిదే అయిన ఫ్లూఆక్సెటిన్ మందు ఇస్తే పెద్దయ్యాక అవి బెరుకుగా మెలిగాయి. ఇలాంటి ప్రయోగాల నుంచే ఈ భయాలు పుడతాయి.

కానీ ఆ మందు ఇచ్చింది నేరుగా ఎలుక పిల్లలకు. మీ కూతురి విషయంలో తక్కెడలో రెండో పక్క కూడా ఉంది: తల్లి జబ్బు. తిండీ నిద్రా లేక, చావాలనుకునే తల్లి కడుపులోని బిడ్డకు కూడా అది నష్టమే. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో, మందు వేసుకున్న కాన్పునూ వేసుకోని కాన్పునూ పోల్చిన స్వీడన్, కెనడా అధ్యయనాలు 2017లో వచ్చాయి. అలా పోల్చినప్పుడు ఆటిజంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఈ వరుస మందుల్లో గర్భిణులకు డాక్టర్లు ఎక్కువగా రాసేది సెర్‌ట్రలినే. పాలలోకీ చాలా తక్కువే వెళ్తుంది.

కాన్పు చేసే డాక్టరుకు మాత్రం ఈ మందు సంగతి దాచకండి. ఇది వేసుకున్న తల్లుల బిడ్డల్లో కొందరు మొదటి కొద్ది రోజులు ఊరికే ఉలిక్కిపడతారు, పాలు సరిగా పట్టరు. గదువ, చేతులు వణుకుతాయి. నేను ఆ చేతిని మెల్లగా పట్టుకుని మడుస్తాను. వణుకు ఆగిపోతే అది ఫిట్స్ కాదని సాధారణంగా తెలిసిపోతుంది. ఆగకపోయినా, బిడ్డ ఎగశ్వాస తీసినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి.

అరటిపండు తిననివ్వండి, మంచిదే. అందులో సెరొటోనిన్ ఉంది కానీ అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. ఒంట్లోని సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లోనే ఉంటుంది. మెదడు తన వాటాను ట్రిప్టోఫాన్ నుంచి తానే చేసుకుంటుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద పెట్టే పప్పన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, ఇంట్లో గుప్పెడు పల్లీలు ఆ ముడిసరుకు ఇస్తాయి. మందు బదులు మాత్రం కాదు.

ప్రశ్న: నా కొడుకు, కోడలు పనికి పుణె పోయారు. ఐదేళ్ల మనవడు నా దగ్గరే. మెదడు ఐదేళ్లలోపే ఎదుగుతుందంట. వీడికి పొద్దు పోయినట్టేనా?
– ఒక తాత, నారాయణపేట

జవాబు: లేదు తాతా. చిన్నపిల్లల మెదడు పెద్దవాళ్లకంటే ఎక్కువగా సెరొటోనిన్ తయారుచేస్తుంది, ఐదేళ్ల తర్వాత అది మెల్లగా తగ్గుతుంది. ఈ మాట నిజమే. తగ్గడమంటే తలుపు మూసుకోవడం కాదు. పసితనం నుంచి ఒక కన్ను మూసి ఉంచిన ఎలుకలకు పెద్దయ్యాక ఫ్లూఆక్సెటిన్ ఇచ్చి, ఆ కన్ను తెరిచి రెండోది మూశారు ఇటలీ శాస్త్రవేత్తలు. మందగించిన చూపు తిరిగొచ్చింది. ఇది 2008 నాటి మాట. మందు కోసం చెప్పట్లేదు, పిల్లాడికి ఏ గోలీ అక్కర్లేదు. మెదడు ఇంకా మారగలదని చెప్తున్నాను. వాడితో మాట్లాడండి, అడిగిందానికి బదులివ్వండి, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి. వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడించండి, పొద్దున ఏం తిన్నాడో వాడినే చెప్పనివ్వండి. బడికి ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ప్రభుత్వం చేసే ఆరోగ్య పరీక్షల పథకం) డాక్టర్లు వచ్చినప్పుడు వాడి చూపు, వినికిడి తప్పకుండా చూపించండి. ఒక కంటి చూపు తక్కువుంటే దాన్ని సరిచేయడానికి ఈ వయసు చాలా మంచిది.