ఫారాలు లేని సైట్‌కు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ ముప్పు ఉంటుందా?

మీ అపాచీ వెబ్ సర్వర్‌లో ఉన్నవి మామూలు పేజీలేననీ, వాడేవారు వివరాలు నింపే ఫారం ఒక్కటి కూడా లేదనీ, అయినా ఆడిట్ నివేదికలో క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అని రాశారనీ, దానిని పట్టించుకోవాలా అనీ అడిగారు. తప్పక పట్టించుకోవాలి. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటే దాడిచేసేవారు తమ స్క్రిప్టును మన సైటు పేజీలోకి చొప్పించి, దానిని చూసేవారి బ్రౌజర్‌లో నడిపించడం. సర్వర్ల నిర్వహణలో నేను గమనించినంతవరకు, డెవలపర్లు రాసిన పేజీలకంటే మన బృందంలో ఎవరూ రాయని పేజీలే ఎక్కువ ప్రమాదకరం. సర్వర్ తానే చూపించే ఎర్రర్ పేజీలు, ఇన్‌స్టలేషన్‌తో పాటు వచ్చిపడే నమూనా పేజీలు ఈ కోవలోనివి.

నేను పనిచేసిన ఒక సంస్థలో జీతాల అప్లికేషన్ టామ్‌క్యాట్ (జావా అప్లికేషన్లను నడిపే సర్వర్) 6.0.18 మీద నడిచేది. దాని కోడ్‌ను వెండర్ క్షుణ్ణంగా పరీక్ష చేయించి ధ్రువపత్రం కూడా తెచ్చారు. ఆ తరువాత వచ్చిన ఆడిటర్ అసలు ఆ అప్లికేషన్ జోలికే పోలేదు. సర్వర్ చిరునామా చివర ‘ఎగ్జాంపుల్స్’ అని టైపు చేయగానే టామ్‌క్యాట్‌తో వచ్చే నమూనా పేజీలు తెరుచుకున్నాయి. వాటిలోని క్యాలెండర్, సమయం అని మనం ఇచ్చినదాన్ని, అందులో స్క్రిప్టు ఉన్నా సరిగా శుద్ధి చేయకుండానే పేజీలో పెట్టేసేది. ఇది 2009లో టామ్‌క్యాట్‌ను తయారుచేసే అపాచీ ఫౌండేషన్ వారే ప్రకటించి 6.0.20లో సరిచేసిన లోపం. ఆ ఆడిటర్ ఒక లింకు తయారుచేసి, జీతాల అప్లికేషన్‌లో లాగిన్ అయి ఉన్న అకౌంట్స్ అధికారి చేత, ఆ ఆఫీసులో అందరూ వాడే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నొక్కించారు. క్యాలెండర్ పేజీలో నడిచిన స్క్రిప్టు, కంటికి కనిపించని ఫ్రేములో జీతాల పేజీని తెరిచి, అందులోని పేర్లనూ మొత్తాలనూ ఆడిటర్ ల్యాప్‌టాప్‌కు పంపింది. చిరునామాలోని హోస్టూ (సర్వర్ పేరు) పోర్టూ (ఆ పేరు పక్కన ఉండే సంఖ్య) ఒకటే కనుక బ్రౌజర్ దృష్టిలో ఆ రెండు పేజీలూ ఒకే ఇంటివారు. పాస్‌వర్డు దొంగిలించవలసిన అవసరమే రాలేదు. ‘మా కోడ్‌లో ఏ లోపమూ లేదు’ అని వెండర్ అప్పుడు కూడా వాదించారు. అది నిజమే, కానీ జీతాలు బయటపడ్డాయి కదా!

మీ అపాచీకీ ఇటువంటి చరిత్ర ఉంది. 2006లో బయటపడిన లోపంలో, పేజీ కోరుతూ పంపే అభ్యర్థనలోని ‘ఎక్స్‌పెక్ట్’ హెడర్‌లో (అభ్యర్థనకు తోడుగా వెళ్ళే వివరం) ఏమి రాసి ఉంటే దానిని సర్వర్ తన ఎర్రర్ పేజీలో యథాతథంగా తిరిగి చూపించేది. ఎదుటివారి బ్రౌజర్ చేత ఆ హెడర్ ఎవరు పంపించగలరని నిశ్చింతగా ఉండడానికి వీలులేకపోయింది, ఎందుకంటే అప్పట్లో బ్రౌజర్లలో యానిమేషన్లు నడిపిన ఫ్లాష్ ప్లగిన్‌లోని కొన్ని వెర్షన్లు ఆ పని చేయగలిగేవి. 2019లో కూడా, సర్వర్ ప్రాక్సీగా (మరో సర్వర్‌కు మధ్యవర్తిగా) పనిచేసేటప్పుడు చూపే ఎర్రర్ పేజీలోని లింకును దాడిచేసేవారు తమకు కావలసిన చోటికి మళ్ళించగల లోపాన్ని అపాచీ 2.4.41 వెర్షన్‌లో సరిచేశారు.

ఇంత చరిత్ర ఉన్నా, చాలామంది వెర్షన్ సంఖ్య కనిపించకుండా దాచి పని అయిపోయిందనుకుంటారు. ఆడిట్ సంస్థలలో కొన్ని ఆ సంఖ్యను మాత్రమే చూసి రంగురంగుల నివేదిక అచ్చువేసి ఇస్తాయి. లినక్స్ పంపిణీ చేసే రెడ్ హ్యాట్ వంటివారు పాత సంఖ్యను అలాగే ఉంచి సవరణలను మాత్రం కలుపుతారని ఆ ఆడిట్ సంస్థలకు పట్టదు. అందువల్ల ఏ చిరునామాలో, ఏ హెడర్ లేదా పారామీటర్ (చిరునామాతో పాటు పంపే విలువ) ద్వారా స్క్రిప్టు నడిచిందో రాతపూర్వకంగా చూపించమని మీ ఆడిటర్‌ను అడగండి. ఆ సమాధానం వచ్చేలోగా నమూనా పేజీలను తొలగించి, సర్వర్ స్టేటస్ పేజీ (సర్వర్ పనితీరును చూపే పేజీ) బయటివారికి తెరుచుకోకుండా కట్టడి చేయండి.